గోల్డ్‌ఫిష్ ట్యాంకులో నియాన్లు, టైగర్ బార్బులు, సక్కరు కలిసి ఉండగలవా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కూకట్‌పల్లిలో ఉంటారు. బాబు పుట్టినరోజుకి రెండడుగుల ట్యాంకు కొన్నారు. చేపలు షాపాయనే ఎంచి ఇచ్చాడు: రెండు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు, ఒక బ్లాక్ మూర్ (ఉబ్బుకళ్ళ నల్ల గోల్డ్‌ఫిష్), ఆరు నియాన్ టెట్రాలు, నాలుగు టైగర్ బార్బులు, అడుగు శుభ్రం చేస్తుందని ఒక సక్కరు. హీటరు 28 దగ్గర పెట్టుకోమన్నాడు. పది రోజుల్లో రెండు నియాన్లు చచ్చి తేలాయి, ఇంకో రెండు జాడ లేకుండా పోయాయి, బ్లాక్ మూర్ తోక పీలికలైంది, ఒరాండాలు పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నాయి. వెళ్ళి అడిగితే నీలం మందు సీసా చేతిలో పెట్టి, నీళ్ళన్నీ పారబోసి కొత్తవి పొయ్యమన్నాడు. చన్నీటి చేపల్నీ ఉష్ణమండల చేపల్నీ కలపడం వల్లే ఇదంతా జరిగిందా, ఇప్పుడేం చెయ్యాలి, ఇకమీదట చేపల్ని ఎక్కడ, ఎలా కొనాలి అన్నవి మీ ప్రశ్నలు.

కారణాలు తర్వాత చెప్తాను. ముందు ఈ రాత్రి చెయ్యాల్సిన పని. నీళ్ళన్నీ తియ్యకండి. మూడో వంతు నుంచి సగం వరకు తీసి, అంతే వేడి ఉన్న నీళ్ళు మెల్లగా పొయ్యండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళయితే యాంటీ క్లోరిన్ చుక్కలు కలపకుండా పొయ్యొద్దు. చుక్కలు లేకపోతే ఇప్పుడే బక్కెట్లు నింపి, గాలి రాయి (గాలి పంపు గొట్టం చివర పెట్టే బుడగల రాయి) వేసి ఒక రోజంతా ఉంచి రేపు మార్చండి. గాలి పంపు పూర్తిగా తిప్పి పెట్టండి. రెండు రోజులు మేత వెయ్యకండి. ఆకలితో ఏ చేపా చావదు, భయపడకండి. టైగర్ బార్బులు నాలుగింటినీ ఇవాళే వేరే టబ్బులోకి తియ్యండి, దాన్లోనూ గాలి రాయి ఉండాలి. బ్లాక్ మూర్ తోక కొరికేది అవే. ఇక నీలం మందు సీసా పక్కన పెట్టండి. అది మిథిలీన్ బ్లూ అయితే మీ చేపలకి ఇప్పుడున్న జబ్బుకి పనికిరాదు సరికదా, నీళ్ళని శుభ్రం చేసే బ్యాక్టీరియా ఏ కొంచెం పుట్టి ఉన్నా దాన్ని చంపేస్తుంది.

ఇప్పుడు కారణం. మీ చేపల్ని పది రోజుల్లో ఈ స్థితికి తెచ్చింది వేడి కాదు, అమ్మోనియా అని నా గట్టి నమ్మకం. చేప మొప్పల నుంచి అమ్మోనియా రోజంతా వస్తూనే ఉంటుంది. మేత వెయ్యకపోయినా కొంత వస్తుంది, వేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. పాత ట్యాంకులో ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ మీద పెరిగిన బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషాలే. నైట్రేట్ మాత్రం వారం వారం కొంత నీళ్ళు మారుస్తుంటే చేపలు తట్టుకోగలిగింది. ఈ బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు మొదటి రోజే 14 చేపల్ని దించారు. నీళ్ళు అద్దంలా కనపడుతున్నా చేపకి మొప్పలు మండుతున్నాయన్నమాట. పైకొచ్చి గాలి మింగడం అదే.

దీనికి తోడు మన నీళ్ళ సంగతి ఒకటుంది. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళ బోరు నీళ్ళు ఉప్పగా, కఠినంగా ఉంటాయి, పీహెచ్ (నీళ్ళలో పులుపు, క్షారం చెప్పే కొలత) 7.5 దాటి 8 పైన కూడా ఉంటుంది. అమ్మోనియా మొత్తం అంతే ఉన్నా, అందులో విషంగా పనిచేసే భాగం పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే దాదాపు పది రెట్లవుతుంది. వేడి పెరిగినా ఆ భాగం పెరుగుతుంది. కాబట్టి 28 దగ్గర పెట్టిన హీటరు నేరుగా చంపలేదు గానీ పక్కనుండి సాయం చేసింది.

షాపాయన చెప్పినట్టు నీళ్ళన్నీ పారబోసి, ఫిల్టరు స్పాంజి కుళాయి కింద ఉతికితే ఏమవుతుంది? అప్పుడే మొలకెత్తుతున్న బ్యాక్టీరియా క్లోరిన్‌కి చచ్చిపోయి, లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఆదివారం పొద్దున్న ట్యాంకుని బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్ళి సర్ఫుతో కడిగి, కొత్త నీళ్ళు పోసి, "శుభ్రంగానే ఉంచుతున్నాం కదా, అయినా ఎందుకు చస్తున్నాయి" అని బాధపడుతున్నారో! ఆ శుభ్రమే వాటిని చంపుతోంది. స్పాంజి పిండాలంటే ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళలోనే, రెండు మూడు వారాలకొకసారి, మెల్లగా పిండాలి.

ఇక మీరడిగిన చన్నీళ్ళు, వెచ్చని నీళ్ళ తేడా. ఇంటర్నెట్‌లో కనపడే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్ళు రాసినవి. అక్కడ గది నీళ్ళు 18 డిగ్రీలుంటాయి, గోల్డ్‌ఫిష్‌కి హాయి, నియాన్‌కి హీటరు తప్పదు. అందుకే అక్కడ రెంటినీ కలపొద్దనడానికి మొదటి కారణంగా వేడే చెప్తారు. మన దగ్గర మే నెలలో ఏ ట్యాంకులో చూసినా నీళ్ళు 30 దాటుతాయి. నేనుండే విజయవాడలో 32 కూడా చూశాను. అప్పుడు షాపువాళ్ళు ఏమంటారంటే, "ఇక్కడ అన్నీ ఒకే వేడిలో ఉంటాయి సార్, కలిపితే ఏం కాదు." వేడి ఒక్కటే కారణమనుకునేవాళ్ళ దగ్గర దీనికి జవాబు ఉండదు. లెక్క ప్రకారం చూస్తే 23, 24 డిగ్రీల దగ్గర ఒరాండా, నియాన్, బార్బు మూడూ ఉండగలవు. అయినా కలపొద్దంటాను.

గోల్డ్‌ఫిష్‌కి వేడి పడదన్నది మాత్రం నిజం. ముద్దుగా గుండ్రంగా ఉండే రకాలకి 18 నుంచి 24 మధ్య బావుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర అది 7.5కి పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో పని పెరిగి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లులా ఉంటుంది దాని పరిస్థితి. మన వేసవిని అది గాలి పంపుతో, కొంచెం నీడతో నెట్టుకొస్తుంది. దానికి ఏడాది పొడుగునా హీటరు పెట్టి మరీ 28లో ఉంచడం మాత్రం అన్యాయం. ఆ హీటరు ఇప్పుడు తీసెయ్యొచ్చు. ఆగస్టులో మీ గదిలో నీళ్ళు ఎలాగూ 26 దగ్గరే ఉంటాయి. ఒకేసారి ఆపకుండా రోజుకొక డిగ్రీ చొప్పున తగ్గించి ఆపెయ్యండి.

మరి అసలు కారణమేంటి? గోల్డ్‌ఫిష్ అంటే ఏ జాతో మనం మర్చిపోతాం. అది బొచ్చె, శీలావతి, ఎర్రమోసుల కుటుంబానికి చెందిన చేప. దాదాపు వెయ్యేళ్ళ కిందట, సాంగ్ రాజుల కాలంలో చైనాలో చెరువు చేపల్లో ఎర్రగా, పసుప్పచ్చగా పుట్టినవాటిని ఏరి కొలనుల్లో పెంచుతూ వచ్చారు. ఒరాండా నెత్తి మీద కుచ్చు, మూర్ ఉబ్బుకళ్ళు అన్నీ తర్వాతి తరాల ఎంపిక. పైకి ఎన్ని మార్పులొచ్చినా లోపలున్నది చెరువు చేపే. దానికి పొట్ట సంచి ఉండదు, తిన్నది పేగులోంచి సాగిపోతూ ఉంటుంది. అందుకే పొద్దస్తమానం అడుగున రాళ్ళు నోట్లో వేసుకుని ఉమ్ముతూ వెతుక్కుంటుంది, ఎంత తింటే అంత విసర్జిస్తుంది. కైకలూరు, భీమవరం వైపు చెరువుల మీద పనిచేసేవాళ్ళని అడగండి, మేత ఎక్కువైతే నీళ్ళు ఏమవుతాయో, తెల్లారుజామున చేపలు ఎందుకు పైకి తేలతాయో చెప్తారు. ఎకరం చెరువులో జరిగేదే మీ రెండడుగుల గాజు పెట్టెలోనూ జరిగింది.

ఆ పెట్టె లెక్క కూడా చూద్దాం. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు అనుకుంటే అంచుదాకా నింపితే 70 లీటర్లు. రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోను 60 లీటర్ల నీళ్ళుంటాయి. ఒక్క ఒరాండాకే నేను 75 లీటర్లు కావాలంటాను, తర్వాత ప్రతి దానికీ ఇంకో 40. అవి ఇప్పుడు బొటనవేలంత ఉన్నాయి. సరిగ్గా పెరిగితే ఆరేడు అంగుళాలవుతాయి, పది పదిహేనేళ్ళు బతుకుతాయి. ఇంగ్లండ్‌లో ఒక గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. మనిళ్ళలో ఆరు నెలలు బతికితే "బాగానే ఉంది" అనుకోవడం చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

ఇంత తినే, ఇంత మురికి చేసే, ఇంత పెరిగే చేప పక్కన నియాన్‌ని పెట్టారు. నియాన్ పూర్తిగా పెరిగితే మూడు సెంటీమీటర్లు. అమెజాన్ పరీవాహకంలోని మెత్తని, కొద్దిగా పులుపున్న నీళ్ళ చేప. ఇప్పుడు ఫారాల్లో పుట్టి పెరిగినవే వస్తున్నా, మురికి నీళ్ళని అస్సలు ఓర్వదు. మాయమైన ఆ రెండూ చచ్చాక గోల్డ్‌ఫిష్ నోట్లోకి వెళ్ళాయో, బతికుండగానే వెళ్ళాయో చెప్పలేం, వెళ్ళింది మాత్రం అక్కడికే. గోల్డ్‌ఫిష్ వేటాడదు. కానీ నోట్లో పట్టేది ఏదైనా నోట్లో వేసుకుని చూడటం దాని స్వభావం. అడుగున తిరిగే కోరీ చేపల్ని ఇలాగే నోట్లో వేసుకుంటే వాటి రెక్కముళ్ళు నిక్కబొడుచుకుని గోల్డ్‌ఫిష్ గొంతులో ఇరుక్కుంటాయి, రెండూ చస్తాయి. షాపాయన "అడుగు శుభ్రానికి" అని కోరీలు అంటగట్టకపోవడం మీ అదృష్టం.

టైగర్ బార్బులది ఇంకో కథ. ఎనిమిది, పది ఉంటే అవి వాటిలో అవే తగువులాడుకుంటాయి. నాలుగే ఉంటే ఆ చిరాకంతా పక్కచేపల మీద పడుతుంది. మెల్లగా ఊగుతూ వెళ్ళే పొడుగు తోక వాటికి ఎర లాంటిది. బ్లాక్ మూర్‌కి ఆ పెద్ద కళ్ళతో చూపు సరిగ్గా ఆనదు. మేత ఎక్కడ పడిందో వెతుక్కునేలోపు బార్బులు ఊడ్చేస్తాయి, తోకా కొరుకుతాయి. అంటే ఆ మూర్‌కి మీ ఇంట్లో పది రోజులుగా తిండీ లేదు, నెమ్మదీ లేదు. తోక మళ్ళీ మొలుస్తుంది, దిగులుపడకండి. నీళ్ళు బాగుంటే మూడు నాలుగు వారాల్లో అంచున పలచగా తెల్లని పొర కనపడుతుంది, అది కొత్త కణజాలం, ఫంగస్ అనుకుని మందు వెయ్యొద్దు.

సక్కరు గురించి నాకు జరిగింది చెప్తాను. 2003లో, నా రెండో ట్యాంకు. ఒరాండా ఒకటి రోజూ పొద్దున్న పక్క మీద గుండ్రంగా ఎర్రటి మచ్చతో కనపడేది. కొన్నచోట అడిగితే ఇన్‌ఫెక్షన్ అన్నారు, మందిచ్చారు, వేశాను, తగ్గలేదు. ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి టార్చి వేసి చూస్తే సక్కరు ఆ ఒరాండా పక్కకి అతుక్కుని ఉంది. చేప ఒంటి మీద జిగురు పొరని గీరుకుని తింటోంది. ఒరాండా నిద్రలో కదల్లేక కదులుతోంది. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం కళ్ళ ముందు ఉంది. అన్ని సక్కర్లూ ఇలా చేస్తాయని కాదు. కానీ చదునైన పెద్ద ఒళ్ళున్న, మెల్లగా కదిలే గోల్డ్‌ఫిష్ పక్కన ఉంటే, అందులోనూ ఆకలితో ఉంటే, దానికి ఈ అలవాటు పడుతుంది. పడ్డాక మానదు. పైగా అది మీ అద్దానికంటిన పాచి తిని బతికే బుల్లి చేపగా ఉండిపోదు. అడుగున్నర దాకా పెరుగుతుంది, గోల్డ్‌ఫిష్‌ని మించి మురికి చేస్తుంది.

దాన్ని వదిలించుకోవాలనుకున్నా చెరువులోనో కాలవలోనో మాత్రం వదలకండి, ఇది చేతులు జోడించి చెప్తున్నాను. ఇలా ఇళ్ళ నుంచీ ఫారాల నుంచీ బయటపడ్డ సక్కర్లే ఇవాళ మన నదుల్లో, చెరువుల్లో నిండిపోయాయి. మన జాలర్లు వాటిని దెయ్యం చేప, రాకాసి చేప అంటున్నారు. ముళ్ళకి వలలు చిరిగిపోతాయి, కొనేవాడు లేడు, మన సొంత చేపల గుడ్లూ మేతా అవి తినేస్తాయి. కొన్న షాపుకే తిరిగి ఇచ్చెయ్యండి. డబ్బు వెనక్కి రాకపోవచ్చు, చేపని మాత్రం చాలామంది తీసుకుంటారు.

ఇక షాపుల సంగతి. షాపువాళ్ళందరూ మోసగాళ్ళని నేను అనను. ఎప్పుడో నాకు 25 ఏళ్ళప్పుడు, చేతిలో గాజు గిన్నె పట్టుకుని గోల్డ్‌ఫిష్ కావాలని వెళ్తే, "ఆ గిన్నెలో మనీప్లాంటు పెట్టుకో బాబూ, చేప నేనివ్వను" అని వెనక్కి పంపిన పెద్దాయన కూడా షాపాయనే. ఈ రోజుకీ నేను పెంచే చేపలన్నీ ఆయన పెట్టిన భిక్షే. కానీ ఆ వ్యాపారం నడిచే తీరు మీకు తెలియాలి. చేప మీద మిగిలేది తక్కువ. ట్యాంకు, పంపు, హీటరు, మందు సీసాల మీద మిగిలేది ఎక్కువ. షాపులో ఏ చేపా నాలుగు రోజులో వారమో కంటే ఉండదు, కాబట్టి గోల్డ్‌ఫిష్ పక్కన నియాన్ బతుకుతుందా అన్న ప్రశ్న ఆయనకి ఎప్పుడూ ఎదురు కాదు. ఆయన ట్యాంకులో అన్నీ కలిసి ఈదుతున్నాయంటే, అది బస్టాండులో జనం కలిసి నిలబడ్డట్టు. ఎవరి బస్సు వస్తే వాళ్ళు వెళ్ళిపోతారు. దాన్ని చూసి కాపురం పెట్టకూడదు.

మన షాపులకి చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు వైపు నుంచి వస్తాయి, కొన్ని కోల్‌కతా నుంచి. ఆక్సిజన్ నింపిన సంచుల్లో, రెండు రోజులు మేత లేకుండా, రాత్రంతా ప్రయాణం చేసి దిగుతాయి. దిగిన రోజున ప్రతి చేపా అలసిపోయి ఉంటుంది. లోపలున్న జబ్బు అప్పటికి బయటపడదు, నాలుగైదు రోజులకి పడుతుంది. అందుకే కొత్త సరుకు వచ్చిన రోజు నేను చూసి వస్తానే గానీ కొనను. నచ్చిన చేపకి అడ్వాన్సు ఇచ్చి, వారం ఆగి, అప్పటికీ చురుగ్గా ఉంటే తెచ్చుకుంటాను. మంచి షాపాయన దీనికి సంతోషంగా ఒప్పుకుంటాడు. "ఇవాళ తీసుకోకపోతే అయిపోతాయి" అన్నవాడి దగ్గర ఇవాళా తీసుకోవద్దు.

లోపలికి వెళ్ళగానే మీకు కావలసిన చేపని చూడకండి, మొత్తం వరసని చూడండి. చాలా షాపుల్లో ట్యాంకులన్నిటికీ నీళ్ళు ఒకటే తిరుగుతుంటాయి, ఒకే వల అన్నిట్లోనూ ముంచుతారు. ఏ మూల ట్యాంకులో చచ్చిన చేప తేలుతున్నా ఆ రోజు ఉత్త చేతులతో వచ్చెయ్యండి. నీళ్ళు నీలంగానో పచ్చగానో ఉంటే మందు మీద నడుస్తున్నాయని అర్థం. తర్వాత మీ చేప దగ్గర అయిదు నిమిషాలు కదలకుండా నిలబడండి. రెక్కలు ఒంటికి అంటించుకుని మూల నిలబడితే వద్దు. ఒళ్ళు రాళ్ళకేసి రుద్దుకుంటుంటే వద్దు. తోక మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలుంటే అసలే వద్దు. గోల్డ్‌ఫిష్‌లో ఇంకొకటి చూడాలి. చెరువుల్లో పెంచినవి కాబట్టి ఒంటి మీద పచ్చటి చిన్న రేకులాంటి పేను, పొలుసు మధ్య దారప్పోగులా వేలాడే యాంకర్ వార్మ్ వస్తుంటాయి. చేపల చెరువున్న రైతుకి ఈ పేను గురించి చెప్పక్కర్లేదు, షాపులో మాత్రం ఎవరూ చూడరు. చివరికి, మీ ముందు కొంచెం మేత వెయ్యమనండి. పరిగెత్తుకొచ్చి తిన్న చేప ఆరోగ్యంగా ఉన్నట్టే.

అమ్మేవాడిని అంచనా వెయ్యడానికి నేను ఒకే ప్రశ్న అడుగుతాను: "ఇది ఎంత పెరుగుతుందండీ?" "ట్యాంకు ఎంతుంటే అంత పెరుగుతుంది" అన్నాడంటే ఆయన మాట మీద ఇంకేమీ కొనకండి. ఇరుకులో, మురికిలో చేప ఎదుగుదల ఆగిపోతుంది గానీ అది ట్యాంకుకి సర్దుకోవడం కాదు. వెన్ను వంకరపోయి, లోపలి అవయవాలు దెబ్బతిని, ఏడాది రెండేళ్ళలో పోతుంది. అలాగే గులాబీ, నీలం, పచ్చ రంగుల్లో మెరిసే విడో టెట్రాలు చూపిస్తారు, పిల్లలు వాటి దగ్గరే ఆగిపోతారు. వాటిలో చాలావాటికి రంగు పుట్టుకతో వచ్చింది కాదు, అద్దింది. మన దేశపు గాజుచేపకైతే సూదితో రంగు ఎక్కిస్తారు. కొన్ని నెలల్లో రంగు పోతుంది, చేపకి ఆ గాయం నుంచి జబ్బులు మిగులుతాయి. బాబుకి ఈ విషయం చెప్పండి, పిల్లలు మనకంటే తొందరగా అర్థం చేసుకుంటారు.

ఇంటికి తెచ్చాక సంచి విప్పకుండా ట్యాంకు నీళ్ళ మీద పావుగంట తేలనివ్వండి. తర్వాత విప్పి, చేపని వలతో తీసి ట్యాంకులో వేసి, సంచిలో నీళ్ళు బయట పారబొయ్యండి. ఆ నీళ్ళు ట్యాంకులో ఒక్క చుక్క కూడా పడకూడదు. చాలాసేపు ప్రయాణం చేసిన సంచయితే విప్పాక నాన్చొద్దు. మూసి ఉన్నంతసేపూ చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు నీళ్ళలోనే ఉండి పీహెచ్‌ని దించి ఉంచుతుంది, అందువల్ల లోపలి అమ్మోనియా విషం తలెత్తదు. విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా పడుకున్న విషం లేస్తుంది. విప్పిన సంచిలో గంటసేపు కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ కూర్చోవడం మంచిదని చాలామంది చెప్తారు, దూరం నుంచి వచ్చిన చేపకి అది చేటు చేస్తుంది.

అప్పటికే చేపలున్న ట్యాంకైతే కొత్త చేపని నేరుగా దాన్లో వెయ్యొద్దు, ఇదే పద్ధతిలో ముందు వేరే టబ్బులో దించండి. 30 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఒక స్పాంజి ఫిల్టరు చాలు, మూడు వారాలు దాన్లో ఉంచండి. గోల్డ్‌ఫిష్‌కి తెల్లచుక్క వస్తే ఆ టబ్బులోనే లీటరుకి రెండు గ్రాముల లెక్కన కల్లుప్పు ఒక రోజులో కొంచెం కొంచెంగా కలపండి. చుక్కలు పోయాక కూడా ఇంకో వారం, పది రోజులు ఆ ఉప్పు నీళ్ళలోనే ఉంచాలి. ఒంటి మీది చుక్కకి ఏ మందూ అందదు, అది రాలి అడుగున పిల్లలు పెట్టినప్పుడు ఆ పిల్లలే చస్తాయి. చుక్క పోయిందని మందు ఆపేవాళ్ళకి జబ్బు మళ్ళీ రావడానికి కారణం ఇదే.

ఇక మీ ట్యాంకు. బాబుకి ఏ చేప ఇష్టమో మీరు రాశారు, ఉబ్బుకళ్ళ నల్లచేప. అయితే గోల్డ్‌ఫిష్‌లనే ఉంచుకోండి. మిగిలిన రెండు నియాన్లు, నాలుగు బార్బులు, సక్కరు తిరిగి ఇచ్చెయ్యండి. మూడు గోల్డ్‌ఫిష్‌లకి మూడడుగుల ట్యాంకు కావాలి: 36 పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు అంటే దాదాపు 160 లీటర్లు. నీళ్ళూ రాళ్ళూ కలిపి 200 కిలోల బరువు, స్టాండు గట్టిదై ఉండాలి. ఇప్పుడే కొనలేకపోతే రెండు నెలలు ఈ ట్యాంకులోనే నడపొచ్చు. కాకపోతే మొదటి నెల రెండు రోజులకొకసారి మూడో వంతు నీళ్ళు మార్చక తప్పదు. రోజుకి రెండుసార్లు, మునిగే గుళికలు చిటికెడు, ఒకటి రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యండి. వారానికోసారి ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ వెయ్యండి, వీటికి మలబద్ధకం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు మూత తీసి నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పండి, ఆవిరితో రెండు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోతే నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

ట్యాంకు పెద్దదై, ఆరునెలలు నిలకడగా నడిచాక ఇంకేదైనా చేప కలపాలనిపిస్తే జీబ్రా డానియోల గుంపుని ఆలోచించండి. గంగ, బ్రహ్మపుత్రల వైపు వాగుల చేప, మనదే. చల్లటి నీళ్ళలోనూ ఉంటుంది, గోల్డ్‌ఫిష్ నోటికి అందనంత చురుకు. దాన్నీ తప్పనిసరి అనను. కామెట్, షుబుంకిన్ లాంటి పొడుగు గోల్డ్‌ఫిష్‌లని మాత్రం మీ గుండ్రటివాటితో కలపకండి, వాటి పరుగు ముందు ఇవి మేతకి అందుకోలేవు.

ఒకవేళ బాబు మనసు మార్చుకుని నియాన్లే కావాలంటే, గోల్డ్‌ఫిష్‌లని పెద్ద ట్యాంకున్నవాళ్ళకి ఇచ్చేసి, ఇదే రెండడుగుల దాంట్లో పది నియాన్లు, కొంచెం మొక్కలు పెట్టుకోవచ్చు. అప్పుడు డిసెంబరు, జనవరిలో హీటరు 25 దగ్గర పనికొస్తుంది, కొన్న డబ్బు వృథా కాదు. ఏదైనా ఒక్కటే ఎంచుకోండి. ఆ ఎంపిక ఇంట్లో కూర్చుని చేసుకుని, పేరు కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళండి.

రేపు వీలైతే చుక్కల మందుతో పరీక్షించే కిట్ తెప్పించండి, కాగితం పట్టీలది వద్దు. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ మూడూ చూసి, నీళ్ళు బోరువా, మంజీరావా, ట్యాంకరువా అన్నది కూడా కలిపి నాకు రాయండి. అమ్మోనియా లీటరుకి 1 మిల్లీగ్రాము దాటి ఉంటే మూడోవంతు కాదు, సగం నీళ్ళు రోజూ మార్చాల్సి ఉంటుంది. బ్లాక్ మూర్ తోక ఫోటో కూడా పెట్టండి, కొరికిందో కుళ్ళిందో అంచు చూస్తే చెప్పగలను.